అంతకంటే ఎక్కువ

సెన్సార్ అనగానే మనకు సినిమా గుర్తొస్తుంది. సినిమాలో సెన్సార్ రెండు రకాలుగా పనిచేస్తుంది. సీను మొత్తం ఎగిరిపోతే, అక్కడొక సీను ఉండేదని ప్రేక్షకుడికి తెలిసే దారే లేదు. డైలాగు మీద బీప్ వేస్తే సంగతి వేరు. హీరో పెదాలు కదులుతుంటాయి, ఏదో అన్నాడని తెలుసు, పక్క సీటు వాడి నవ్వుని బట్టి ఎంత ఘాటుగా అన్నాడో కూడా కొంత ఊహించుకోవచ్చు. స్టాటిస్టిక్స్‌లో ఈ రెంటికీ వేర్వేరు పేర్లున్నాయి. ఎగిరిపోయిన సీను ట్రంకేషన్. బీప్ పడిన డైలాగు సెన్సారింగ్. ఒక కొలత మన పరికరం పరిధి దాటిపోయినప్పుడు, ఎంతో తెలీదు గానీ ఇంతకంటే ఎక్కువ అని మాత్రం తెలిసినప్పుడు, దాన్ని సెన్సార్డ్ డేటా అంటారు.

అలాంటి డేటా నుంచి సగటు లెక్కకట్టడం ఒక పని. గరిష్ఠాన్ని అంచనా వేయడం ఇంకా కష్టమైన పని, ఎందుకంటే బీప్ పడేది సాధారణంగా అక్కడే. కొలబద్ద ఆగిపోయిన చోట ఆ పైన ఉన్నదాని గురించి ఏం చెప్పగలం, ఏం చెప్పాలి? మొదటి సగం గణితం, రెండో సగం నీతి. రెండూ విడిగా ఉంటాయని ఇంజనీరింగ్‌లో నాకు నేర్పారు. నల్లగొండ గురించి ఆలోచించినప్పుడల్లా అవి విడివడవు.

ముందు నా ఉద్యోగం సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను, ఎందుకంటే ఈ ఆలోచన నాకు అక్కడ్నుంచే పట్టుకుంది. సర్వర్‌కి ఒక రిక్వెస్ట్ వస్తుంది. 30 సెకన్లలో జవాబు ఇవ్వలేకపోతే దాన్ని వదిలేస్తాం, టైమౌట్ అంటాం. లాగ్‌లో దాని పక్కన 30 అని పడుతుంది. కొన్నిచోట్ల అసలు పడదు. నిజానికి దానికి 31 సెకన్లు పట్టేదో, 3 గంటలు పట్టేదో ఎవరికీ తెలీదు. టైమౌట్ అయినవాటిని లెక్కలోంచి తీసేసే డ్యాష్‌బోర్డ్‌లో ఒక వింత జరుగుతుంది: సిస్టమ్ పాడయ్యే కొద్దీ సగటు బాగుపడుతుంది. మరీ నెమ్మదైన రిక్వెస్టులన్నీ లెక్కలోంచి రాలిపోయి, మిగిలినవాటి సగటు తళతళలాడుతుంది. అంతా పచ్చ రంగు. ఫోన్లు మాత్రం మోగుతుంటాయి.

ఇక నల్లగొండ.

ఫ్లోరైడ్ ఎముకల్ని ఏం చేస్తుందో మన దేశంలో మొదట రాతపూర్వకంగా బయటపడింది 1937లో, అప్పటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లా నుంచి. షార్ట్, ఆయన సహచరులు రాసిన వ్యాసం అది. నల్లగొండ మీద ఎ.హెచ్. సిద్దిఖీ వ్యాసం 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. అంటే ఈ సంగతి తెలిసి దాదాపు 70 ఏళ్ళు. 1970లలో నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ, అందరూ నీరి అంటారు, పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి నీళ్ళలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని తయారుచేసి దానికి నల్లగొండ టెక్నిక్ అని పేరు పెట్టింది. టాంజానియాలో కూడా ఆ పేరుతోనే వాడారు. మా జిల్లా పేరు ప్రపంచ సాంకేతిక సాహిత్యంలో ఉందని చిన్నప్పుడు గర్వపడ్డాను. ఏ కారణంగా ఉందో ఆలోచించే వయసు కాదు. మా నాన్న ఇప్పటికీ ఫొటోల్లో నోరు మూసుకునే నవ్వుతాడు. గార పళ్ళు. హైదరాబాద్ హాస్టల్లో చేరినరోజు ఎవరూ అడగకుండానే ఆయనది ఏ జిల్లానో చెప్పేశారట.

విషమంతా రాయిలోనే ఉంది. ఇక్కడి గ్రానైట్‌లో ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలున్నాయి. మామూలుగా నీళ్ళలో కాల్షియం తగినంత ఉంటే అది ఫ్లోరైడ్‌తో కలిసి అడుగున పేరుకుపోతుంది, దాంతో ఫ్లోరైడ్ పెరగడానికి ఒక హద్దు ఏర్పడుతుంది. కాల్షియం తక్కువై, క్షారగుణం ఎక్కువైన నీళ్ళలో ఆ హద్దు లేచిపోతుంది. లోతుగా బోరు వేసే కొద్దీ నీళ్ళు రాయితో ఎక్కువకాలం కాపురం చేసి ఉంటాయి. వానలు మొహం చాటేస్తే లోతుకి పోతాం, లోతుకి పోతే అవే నీళ్ళు.

తాగే నీళ్ళలో లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. మన భారతీయ ప్రమాణం 1.0 అంటుంది, వేరే దారి లేకపోతే 1.5 దాకా ఓర్చుకోవచ్చంటుంది. ఇప్పుడు అసలు విషయం. ల్యాబుల్లో ఫ్లోరైడ్ కొలవడానికి చాలాకాలంగా వాడుతున్న పద్ధతి ఒకటుంది, స్పాడ్న్స్ అనే రంగు పద్ధతి. ఫ్లోరైడ్ ఎంత ఎక్కువుంటే రంగు అంత వెలిసిపోతుంది. ఆ వెలవడం లెక్కకు లొంగేది 1.4 మిల్లీగ్రాముల వరకే. అది దాటితే నమూనాలో డిస్టిల్డ్ వాటర్ కలిపి పలచన చేసి మళ్ళీ కొలిచి, ఎన్నిరెట్లు పలచన చేశామో అంతతో గుణించాలి. పద్ధతిలో తప్పేమీ లేదు, చేసేవాళ్ళు చేస్తారు. కానీ ఒక్కసారి దాని ఆకారం చూడండి. కొలబద్ద ఆగేచోటు, ప్రమాదం మొదలయ్యేచోటు దాదాపు ఒకటే. క్షేమంగా ఉన్న బావి గురించి వెంటనే సరిగ్గా తెలుస్తుంది. క్షేమంగా లేని బావి గురించి తెలియాలంటే ఎవరో ఒకరు ఇంకొంచెం కష్టపడాలి. పలచన చేయకుండా వదిలేస్తే ఆ బావి పేరు ‘1.4 కంటే ఎక్కువ’ అయి అక్కడే ఆగిపోతుంది.

ఊహకి ఒక ఊరు తీసుకుందాం. ఐదు బోర్లు. మూడింటి కొలతలు 0.6, 0.9, 1.1. మిగతా రెంటి పక్కన ‘1.4 కంటే ఎక్కువ’ అని ఉంది. ఊరి సగటు ఎంత? ఆ రెంటినీ తీసేస్తే 0.87, ఊరు బ్రహ్మాండంగా ఉన్నట్టు. రెంటినీ 1.4 అనుకుంటే 1.08, ఓర్చుకోదగ్గ నీళ్ళు. నిజానికి అవి 4, 6 అయితే సగటు 2.52. ఒకే ఊరు, అవే బోర్లు. తేడా అంతా తెలియనిదాని స్థానంలో మనం ఏం రాశామన్న దాంట్లోనే ఉంది. ఇంకో సంగతి: ఈ ఐదింటి మధ్యస్థం మాత్రం ఎలా చూసినా 1.1. పైరెండూ 1.5 అయినా 15 అయినా మారదు. మధ్యస్థం నమ్మదగ్గదని స్టాటిస్టిక్స్ పుస్తకాలు పొగుడుతాయి. నిజమే, అది దేనికీ చలించదు. ఆ చివరి బోరు దగ్గర బిందె పెట్టినామెకి ఆ నిబ్బరం ఏ పనికొస్తుందో నాకు తెలీదు. సగటు నీళ్ళు ఎవరూ తాగరు, ఏ ఇంటి వాళ్ళు ఆ ఇంటికి దగ్గరున్న బోరు నీళ్ళే తాగుతారు.

ఇలాంటి ఖాళీల్లో ఏదో ఒక అంకె పెట్టేయడం మీద డెనిస్ హెల్సెల్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఏళ్ళతరబడి పోట్లాడాడు. ఆయన గొడవ రెండో చివర గురించి, అంటే పరికరానికి అందనంత తక్కువ ఉన్న విలువల గురించి. వాటి స్థానంలో కనుగొనగలిగే కనిష్ఠంలో సగం పెట్టేయడం పర్యావరణ శాస్త్రంలో పెద్ద అలవాటు. హెల్సెల్ దాన్ని డేటా కల్పించడం అనే అన్నాడు, 2006లో వ్యాసం పేరులోనే ఆ మాట పెట్టి. అతిగా అన్నాడని మొదట అనుకున్నాను. 1986లో చాలెంజర్ పేలకముందు రాత్రి జరిగిన చర్చ గురించి చదివాక అలా అనిపించలేదు. రబ్బరు రింగులు దెబ్బతిన్న ప్రయోగాలను మాత్రమే ఉష్ణోగ్రతతో పోల్చి చూశారు. సంబంధం కనబడలేదు. ఏ దెబ్బా తగలని ప్రయోగాలు అన్నీ వెచ్చని రోజుల్లోనే జరిగాయన్న సంగతి ఆ పట్టికలో లేదు, ఎందుకంటే సున్నాలను సమాచారం కాదనుకుని తీసేశారు. అవి కూడా ఉంటే చలికీ ప్రమాదానికీ లంకె కళ్ళకి కట్టేది.

మరి సరైన పద్ధతి ఏమిటి? దాని సూత్రం సులువు, చేయడమే కష్టం. కొలత తెలిసిన బోరు లెక్కలోకి తన అంకెతో వస్తుంది. కొలత తెలియని బోరు ‘నేను 1.4 దాటాను’ అన్న వాక్యంతోనే వస్తుంది. మనం ఊహించిన ప్రతి నమూనానీ అడుగుతాం: నువ్వే నిజమైతే ఒక బోరు 1.4 దాటే అవకాశం ఎంత? ఆ సంభావ్యతని మిగతావాటితో గుణిస్తాం. ఏ నమూనా కింద మొత్తం సమాచారం, అంకెలూ వాక్యాలూ కలిపి, ఎక్కువ సంభవమో దాన్ని ఎంచుకుంటాం. దేనికీ తనకు లేని కచ్చితత్వాన్ని అంటగట్టం. దేన్నీ బయటికి గెంటం. ఎంత తెలిస్తే అంతే చెప్పు, కానీ అంతా చెప్పు. కోర్టులో సాక్షిని అడిగేది కూడా ఇదే గదా.

ఇంతవరకూ సగటు గురించే. గరిష్ఠం దగ్గరికొచ్చేసరికి ఇంకో చిక్కు. తీవ్ర విలువలకు తమదైన గణితం ఉంది. 1928లో ఫిషర్, టిప్పెట్ దాని పునాది వేశారు. టిప్పెట్ పనిచేసింది మాంచెస్టర్‌లో, బ్రిటిష్ నూలు పరిశ్రమ పరిశోధన సంస్థలో. దారం ఎంత బలమైనదో తేల్చేది దాని సగటు పోగు కాదు, అన్నిటికంటే బలహీనమైన చోటు. పోచంపల్లిలో మగ్గం మీద కూర్చున్న ఎవర్నడిగినా ఇది చెబుతారు, వాళ్ళకి ఫిషర్ అక్కర్లేదు. ఈ గణితం ప్రకారం తోకలు మూడు రకాలు: ఒకచోట తెగిపోయేవి, త్వరగా సన్నబడేవి, ఎంతకీ సన్నబడని బరువైనవి. మన తోక ఏ రకమో తెలుసుకోవాలంటే తోకలోని విలువలు కావాలి. సెన్సారింగ్ మింగేసేది వాటినే. 1.4 దాకా అచ్చం ఒకేలా కనిపించే రెండు వక్రరేఖలు ఆ పైన ఒకటి 5 దగ్గర ఆగిపోవచ్చు, ఇంకోటి 20 దాటి పోవచ్చు. ఏ గణితమూ ఈ లోటుని పూర్తిగా పూడ్చలేదు. నిజాయితీ గల జవాబు ఒక అంకెగా రాదు, వెడల్పాటి అంచనాగా వస్తుంది. మీటింగుల్లో వెడల్పాటి అంచనాలు ఎవరికీ నచ్చవు.

ఈ గణితానికి మొదటి పెద్ద పుస్తకం రాసినవాడి కథ నాకు గణితం కంటే ఎక్కువ నచ్చుతుంది. ఎమిల్ జూలియస్ గుంబెల్, 1891లో మ్యూనిక్‌లో పుట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీలో రాజకీయ హత్యలు వరసగా జరుగుతుంటే ఆయన కూర్చుని వాటిని లెక్కపెట్టాడు. 1922లో వచ్చిన పుస్తకంలో పట్టికలున్నాయి: నాలుగేళ్ళలో మితవాదులు చేసిన హత్యలు 354, వామపక్షాలవాళ్ళు చేసినవి 22. ఆ 354లో 326కి శిక్షే పడలేదు. కోర్టు రికార్డులు మాత్రమే చూసేవాడికి ఆ 326 కనబడవు. ఎగిరిపోయిన సీన్లు. గుంబెల్ చేసింది వాటిని ఒక్కొక్కటిగా పేరుతో, తేదీతో పట్టికలోకి ఎక్కించడం. బహుమానంగా 1932లో హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో ఉద్యోగం ఊడింది. ఫ్రాన్స్ వెళ్ళాడు, 1940లో అమెరికా. తీవ్ర విలువల మీద ఆయన గ్రంథం 1958లో వచ్చింది. చిత్రంగా, సెన్సార్డ్ డేటాకి ఇప్పటికీ వైద్యరంగంలో అందరూ వాడే కాప్లాన్-మేయర్ పద్ధతి వచ్చిందీ అదే ఏడాది.

కాప్లాన్-మేయర్ పద్ధతికి ఒక షరతుంది. అధ్యయనం మధ్యలో కనిపించకుండా పోయినవాళ్ళు, మిగిలినవాళ్ళలాంటి వాళ్ళే అయ్యుండాలి. రోగం ముదిరినందుకే ఆసుపత్రికి రావడం మానేస్తే లెక్క తప్పుతుంది. ఈ షరతు పుస్తకంలో ఒక్క వాక్యం. పాలమూరులో అదొక జిల్లా చరిత్ర. మహబూబ్‌నగర్ నుంచి గుంపు మేస్త్రీల వెంట కాలవలు తవ్వడానికి, డ్యాములు కట్టడానికి, ముంబై, పుణె బిల్డింగులకి పోయినవాళ్ళని దేశమంతా పాలమూరు లేబర్ అనే పిలిచింది. సర్వేవాళ్ళు ఇంటి తలుపు తట్టినప్పుడు తాళం ఉంటుంది. తాళం వేసిన ఇల్లు ఏ రకం ఇల్లు? అప్పులు ఎక్కువున్నదా, భూమి తక్కువున్నదా, బోరు ఎండిపోయినదా? ఏదైనా, తెరిచి ఉన్న ఇళ్ళలాంటిది మాత్రం కాదు. పక్క జిల్లాలో ఫ్లోరైడ్ విషయంలో ఇది ఇంకా మెలికపడుతుంది. నడవగలిగినవాళ్ళు వలస పోతే ఊళ్ళో వంగిపోయినవాళ్ళే మిగిలి జబ్బు ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించొచ్చు. మరీ ముదిరినవాళ్ళు ముందే చనిపోతే ఉన్నదానికంటే తక్కువగా కనిపించొచ్చు. తప్పు ఎటువైపు మొగ్గుతుందో కూడా ఊరికి పోకుండా చెప్పలేం. డేటా పేదవాళ్ళకి వ్యతిరేకంగా ఎప్పుడూ ఒకేవైపు అబద్ధమాడుతుందని అనేవాళ్ళతో అందుకే నేను పూర్తిగా ఏకీభవించలేను. అది కొన్నిసార్లు రెండువైపులా ఆడుతుంది.

అంశాల స్వామి ఫొటో మీలో చాలామంది చూసే ఉంటారు. మర్రిగూడ మండలం శివన్నగూడెం మనిషి, ఫ్లోరోసిస్ వల్ల శరీరం ఎదగక, ఎముకలు వంగిపోయి, అయినా దశాబ్దాలపాటు ఆ సమస్యకి గొంతుగా తిరిగాడు. వాజ్‌పేయి ప్రధానిగా ఉన్నప్పుడు జల సాధన సమితి దుశ్చర్ల సత్యనారాయణ ఆయన్ని ఢిల్లీ తీసుకెళ్ళారు. 2023 జనవరిలో స్వామి చనిపోయాడు. నల్లగొండ ఫ్లోరైడ్ అంటే అందరి కళ్ళముందుకీ వచ్చేది ఆయనే. స్టాటిస్టిక్స్ భాషలో ఆయన మనం గమనించిన గరిష్ఠం. చూసినవాటిలో గరిష్ఠం ఎప్పుడూ అసలు గరిష్ఠానికి సమానం లేదా తక్కువ, ఎక్కువ కావడం అసాధ్యం. ఢిల్లీ దాకా ఎత్తుకెళ్ళడానికి వీల్లేని శరీరాలు, కెమెరా ముందుకి తేవడానికి ఇంట్లోవాళ్ళు ఒప్పుకోని ఆడపిల్లలు ఆ ఫొటోకి పైన ఉన్నారో లేదో ఆ ఫొటో చెప్పదు. ‘ఇంతకంటే ఘోరం ఉంటుందా’ అని మనం అనేస్తాం, కళ్ళు తుడుచుకుంటాం. ఆ వాక్యం చివర ప్రశ్నార్థకం ఉందని మర్చిపోతాం.

కొలతలు లేనిచోట ఏమీ తెలియనట్టేనా? కాదు. మా నాయనమ్మ ఆధార్ కార్డులో పుట్టినతేదీ జనవరి 1. ఆ తరంలో సగం ఊరు జనవరి ఒకటినే పుట్టింది. వయసడిగితే ఆమె, ‘రజాకార్ల గొడవల్ల నేను దూడల్ని కాస్తున్న బిడ్డా, పెండ్లి గాలె’ అంటుంది. 1948కి ఆరేళ్ళు దాటి, పన్నెండు దాటని పిల్ల. పుట్టింది 1936కీ 1942కీ మధ్య. ఆ జవాబులో ఆధార్ కార్డులో ఉన్నదానికంటే ఎక్కువ నిజం ఉంది, ఎందుకంటే తెలిసినదాన్ని తెలిసినంత మేరకే చెబుతోంది. దీన్ని ఇంటర్వల్ సెన్సారింగ్ అంటారని చెప్పబోయాను గానీ ఆమె అప్పటికే చాయ్ పెట్టడానికి లేచింది.

నదుల విషయంలో ఇలాంటి మాటల్ని ఇప్పుడు శాస్త్రమే అడిగి తీసుకుంటోంది. 2009 అక్టోబర్ మొదటి వారంలో కృష్ణా, తుంగభద్ర రెండూ ఒకేసారి పొంగి, కర్నూలు, అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని అలంపురం మునిగాయి. శ్రీశైలం స్పిల్‌వేని రూపొందించింది దాదాపు 19 లక్షల క్యూసెక్కుల వరదని లెక్కలో పెట్టుకుని. వచ్చింది 25 లక్షలని అంచనా. అంచనా అనే మాట ఊరికే వాడలేదు. అంత నీటిని ఎవరూ కొలబద్ద ముంచి చదవరు. జలాశయం ఎంత వేగంగా నిండింది, గేట్లలోంచి ఎంత పోయింది అనేవాటి నుంచి వెనక్కి లెక్కకట్టాలి. పూర్తి మట్టం 885 అడుగులైన జలాశయంలో నీళ్ళు 896 దాటాయి. డ్యాము నిలబడింది. వందేళ్ళ రికార్డు నుంచి వెయ్యేళ్ళకోసారి వచ్చే వరదని ఊహించడం అంటే ఏమిటో ఆ నాలుగు రోజులు మనకి చూపించాయి.

‘మా తాతల కాలం నుంచీ నీళ్ళు ఈ గుడి మూడో మెట్టు ఎక్కలేదు’ అని ఒక ఊరివాళ్ళు అంటే, అందులో అంకెలు లేవు. కానీ అదొక సెన్సార్డ్ కొలత: ఎనభైయో నూరో ఏళ్ళు, ప్రతి ఏడూ ఆ మెట్టు కంటే తక్కువ. అమెరికా జియలాజికల్ సర్వే వరద లెక్కల కోసం ప్రచురించిన మార్గదర్శకం, బులెటిన్ 17సి, ఇలాంటి చారిత్రక హద్దుల్ని సూటిగా లెక్కలోకి తీసుకుంటుంది. గేజీ పెట్టకముందరి కాలం గురించి పాత పత్రికలూ, గోడ మీది గుర్తులూ, ముసలివాళ్ళ మాటలూ డేటాయే అంటుంది. జ్ఞాపకాన్ని సాహిత్యానికి, కొలతని శాస్త్రానికి పంచిపెట్టే మన అలవాటుకి ఇది గట్టి దెబ్బ. సాహిత్య పత్రిక చదివేవాళ్ళకి ఈ మాట నచ్చుతుందని తెలుసు, అందుకే ఒక హెచ్చరిక కూడా: ముసలివాళ్ళ మాట హద్దు చెబుతుంది, విలువ చెప్పదు. దాన్ని విలువగా మార్చేస్తే మనం కూడా డేటా కల్పించినట్టే.

జాన్ రాల్స్ 1971లో రాసిన న్యాయ సిద్ధాంతంలో, అసమానత సమర్థనీయం కావాలంటే అది అందరికంటే అడుగున ఉన్నవాళ్ళకి మేలు చేయాలంటాడు. దాని మీద అప్పట్నుంచీ వాదనలు నడుస్తూనే ఉన్నాయి. హర్సాన్యి లాంటి ఆర్థికవేత్తలు, అన్నిటికంటే చెడ్డ స్థితినే చూస్తూ నిర్ణయాలు తీసుకుంటే మిగతా ప్రపంచం ఆగిపోతుందన్నారు. ఆ అభ్యంతరంలో బలం ఉంది. ఒక్క బోరు కోసం ఊరంతటి బడ్జెట్ పోయడం న్యాయమేనా అని ఆఫీసులో ఒక మిత్రుడు నన్నడిగాడు. డబ్బు పోయడం తర్వాత, ముందు ఆ బోరు ఎంత చెడ్డదో రాసుకోవచ్చు గదా అన్నాను. పలచన చేసి రెండోసారి కొలవడానికి అయ్యేది కొంచెం డిస్టిల్డ్ వాటర్, ఇంకో పావుగంట. నా అనుమానం అంతకంటే ముందటిది. రాల్స్, హర్సాన్యి ఇద్దరూ అడుగున ఉన్నది ఎవరో మనకి తెలుసన్నట్టే వాదించుకుంటారు. అడుగు కనిపించని నీళ్ళలో ఆ వాదన ఎలా నడుస్తుంది? ఎంత అడుగునో తెలియనివాడి పక్కన మనం ఏ అంకె రాస్తే, న్యాయం దాన్నిబట్టే పంచబడుతుంది.

తెలంగాణలో ఫ్లోరైడ్ పీడిత ఆవాసాలు 2015లో 967 ఉండగా 2020 నాటికి కేంద్ర ప్రభుత్వ లెక్కల్లో సున్నా అయ్యాయి. మిషన్ భగీరథ పైలాన్‌ని చౌటుప్పల్‌లో పెట్టారు, కృష్ణా నీళ్ళు నల్లాల్లోకి వచ్చాయి. ఇది నిజమైన విజయం, వెటకారం చేసేవాళ్ళు మా నాన్న పళ్ళు చూసి మాట్లాడాలి. అయితే ఆ సున్నా కొలిచేది ఆ ఊరికి మంచినీళ్ళు అందుతున్నాయా లేదా అన్నది. రాయి మారలేదు, బోర్లలో నీళ్ళు మారలేదు. ఎముకల్లో చేరిన ఫ్లోరైడ్ నల్లా తిప్పగానే బయటికి పోదు, ఏళ్ళు పడుతుంది. సున్నా అన్న అంకె ఆ పట్టికకి సరిపోతుంది. అదే అంకె పత్రికల శీర్షికల్లోకి వచ్చేసరికి ‘ఫ్లోరైడ్ రహితం’ అయిపోతుంది. తీసేసిన టైమౌట్‌లతో డ్యాష్‌బోర్డ్ పచ్చబడ్డట్టు.

సీను ఎగిరిపోవడానికీ బీప్ పడటానికీ తేడా ఎంతో నల్లగొండవాళ్ళకి ఎవరూ చెప్పాల్సిన పనిలేదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో, జల సాధన సమితి పిలుపు మీద, నీళ్ళ గోస దేశం కంట పడాలని జనం కుప్పలుగా నామినేషన్లు వేశారు. నల్లగొండ స్థానంలో 480 మంది అభ్యర్థులు నిలబడ్డారు. బ్యాలెట్ పేపరు పుస్తకం అయింది. గెలిచింది సీపీఐ నుంచి బొమ్మగాని ధర్మభిక్షం. నిలబడ్డ వందలమంది గెలుద్దామని నిలబడలేదు, డిపాజిట్ పోతుందని అందరికీ తెలుసు. వాళ్ళలో ఎవరి బావిలో ఎంత ఉందో, ఎవరి వెన్ను ఎంత వంగిందో ఆ పేపరు మీద లేదు. పేర్లున్నాయి, గుర్తులున్నాయి, లెక్క ఉంది. ఓటేయడానికి వచ్చిన ప్రతివాడూ ఆ పేజీలు తిప్పాల్సి వచ్చింది.

అదే ఏడాది ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించారు. లోక్‌సభ అభ్యర్థి కట్టాల్సిన డిపాజిట్ 500 రూపాయల నుంచి 10,000 అయింది.